మూడో బైనాక్యులర్

లోకనాథం మాస్టారిని ప్రశ్న అడిగినవాడు ఆ రోజే జవాబు పట్టుకుని ఇంటికి వెళ్ళినట్టు ఉద్దానంలో ఎవరూ చెప్పరు. ముప్పై నాలుగేళ్ళు సముద్రం ఒడ్డున లైట్‌హౌస్‌లో దీపం వెలిగించి, అద్దాలు తుడిచి రిటైరైన మనిషి ఆయన. బడిలో ఒక్కరోజు కూడా పాఠం చెప్పలేదు. అయినా అందరికీ మాస్టారే, ఎందుకంటే శనివారం సాయంత్రాలు తన డాబా మీద చాప పరిచి, వచ్చినవాళ్ళకి ఆకాశం చూడడం నేర్పేవారు. వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళే. ఒక పోస్టుమాస్టరు, ఒక కొబ్బరి వ్యాపారి, ఇద్దరు టీచరమ్మలు, ఇలా సంసారాల్లో మునిగి తేలుతున్నవాళ్ళు. ఎవరైనా ప్రశ్న అడిగితే మాస్టారు ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. చాప దులపమనేవారు, కుండలో నీళ్ళు నింపమనేవారు. పని పూర్తయ్యేలోపు సగం మంది తమ ప్రశ్న మరిచిపోయేవారు. మరిచిపోనివాళ్ళకి ఆ తరవాత ఏదో ఒకటి జరిగేది. ఆ జరిగిందే జవాబు అనుకోవాలి తప్ప, అంతకు మించి ఆయన నోటినుంచి రాబట్టడం బ్రహ్మతరం కాదు.

కొర్ల ఢిల్లేశ్వరరావు మరిచిపోయే రకం కాదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ మేస్త్రీ అతను. తెల్లటి బల్ల, నెత్తిన ట్యూబులైటు, ఎదురుగా పప్పు కుప్ప, ఇరవై రెండేళ్ళుగా అదే లోకం. నిండుగా ఉన్న గుండు ఒక పక్కకి, రెండుగా చీలిన బద్ద ఇంకో పక్కకి, ముక్కలు వేరే డబ్బాలోకి. గుండు అయినా సరే, అంచు గోటితో గిల్లినంత ఊడిందంటే కింది రకంలోకి పోవాల్సిందే. కాబట్టి ఢిల్లేశ్వరరావు చూసేది పప్పుని కాదు, దాని అంచుని. పెళ్ళిభోజనాల్లో పాయసం వడ్డిస్తే గరిటెలో తేలిన జీడిపప్పు వైపు ఒక చూపు చూసి, అది ఏ రకమో, ఎక్కడ విరిగిందో చెప్పి, పక్క విస్తరివాడి నోట్లో తీపి కాస్తా విరిచేసేవాడు. చెడ్డవాడు కాదు, పాపం. తప్పు కనిపిస్తే చెప్పకుండా ఉండలేడు, అంతే.

ఆ ఫాల్గుణమాసంలో, హోళీ వెళ్ళిన ఆరో రోజు శనివారం, అతను అందరికంటే ముందు డాబా ఎక్కాడు. మొహం పీక్కుపోయి ఉంది. కూర్చోకుండానే అడిగాడు.

“మాస్టారూ, మూడోది కూడా వెనక్కి పంపేస్తన్నాను. నాలుగోదైనా బాగుంటదంటారా?”

మాస్టారు అతని వైపు కాసేపు చూసి, గోడకి ఆనించి ఉన్న బూజుకర్ర చేతికిచ్చారు. “దీని తలకి మెత్తటి గుడ్డ చుట్టి, జారిపోకుండా గట్టిగా కట్టు బాబూ” అన్నారు. ఢిల్లేశ్వరరావు కట్టాడు. ముడి బాగా రాలేదని విప్పి మళ్ళీ కట్టాడు. నాలుగోసారి కట్టేటప్పుడు కూడా ప్రశ్న అతని పెదాల మీదే ఉంది.

బైనాక్యులర్ల సంగతి మాస్టారు అతనికి చెప్పక కాదు. సంక్రాంతి ముందే విడమరిచి చెప్పారు. దాని మీద రెండు అంకెలుంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు. చేత్తో పట్టుకుని నక్షత్రాలు చూడాలంటే మొదటి అంకె పది దాటకూడదు, దాటితే చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. రెండోది యాభై ఉంటే కావలసినంత వెలుతురు లోపలికొస్తుంది. ఖరీదైనదే అక్కర్లేదు, పది యాభైలో మామూలుది చాలు. ఇంతే ఆయన చెప్పింది. ఇంత చిన్న మాట ఢిల్లేశ్వరరావుకి ఆనలేదు. పట్నం వెళ్ళి మొదటిసారి ఇరవై రెట్లది కొన్నాడు. షాపువాడు మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నిలబెట్టి, రోడ్డు అవతల బోర్డు మీద ఫోన్ నంబరు చదివించాడు. ఇతను చదివాడు, మురిసిపోయాడు. రాత్రి ఇంటిదగ్గర ఎత్తి చూస్తే చుక్కలన్నీ వేడి పెనం మీద నీటిబొట్లలా గంతులేశాయి. దాన్ని చివరికి కొబ్బరి వ్యాపారికి అంటగట్టాడు. ఆయన దాంతో తోటలో కోతులని కనిపెట్టుకుంటూ సుఖంగా ఉన్నాడు. రెండోది పోస్టులో తెప్పించిన పది యాభై. లోపలి అద్దం మీద చెమ్మ పొర పట్టి వచ్చింది, దాన్ని వెనక్కి పంపడం న్యాయమే. మూడోదీ పది యాభైయే, మామూలు ధరది. ఇందులో చెమ్మ లేదు, వణుకు లేదు, మధ్యలో చుక్కలు సూదిమొనల్లా ఉన్నాయి. అయితే ఒక చుక్కని మెల్లగా పక్కకి జరిపి అంచుదాకా తీసుకెళ్తే అక్కడ దానికి చిన్న తోక మొలుస్తోంది.

పది సాయంత్రాలుగా ఢిల్లేశ్వరరావు చేస్తున్నది ఇదే. ఏ చుక్క దొరికితే ఆ చుక్కని అంచుకి తోసి, తోక చూసి, నిట్టూర్చి, డబ్బాలో పెట్టేయడం. ఇక లాభం లేదని డబ్బాకి టేపు వేశాడు. సోమవారం పొద్దున్న దాన్ని తీసుకెళ్ళడానికి మనిషి వస్తాడు. నాలుగోది ధర మూడింతలు. అంచుల్లో కూడా చుక్కలు చుక్కల్లాగే ఉంటాయని కొన్నవాళ్ళందరూ రాశారట. దానికోసం మోటారుసైకిలు అమ్మేయడానికి కూడా బేరం పెట్టాడు. ఆర్డరు పెట్టేశాడు, మంగళవారానికి అందుతుందని ఫోనులో చూపిస్తోంది. అందుతుందని నమ్మి, అందకపోతే ఏమిటని గంటకొకసారి ఫోను తీసి చూసుకుంటున్నాడు.

ఇంత ఆత్రం తనకోసమైతే నవ్వి ఊరుకోవచ్చు. తన అప్ప, అంటే అక్క, దమయంతి కోసం అది.

అతని ఆరో ఏట తల్లి పోతే, పద్దెనిమిదేళ్ళ దమయంతి అతన్ని సాకింది. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. పెంకులోంచి చిమ్మే రసం తగిలి తగిలి ఆవిడ వేళ్ళ చివర్లు నల్లగా కమిలి, ముద్ర వేస్తే గీతలు పడనంతగా అరిగిపోయాయి. ఇంట్లో గడియారం లేదు. కార్తీకంలో తెల్లవారకముందే తమ్ముణ్ణి లేపి, చెయ్యి పట్టుకుని తోటల మధ్య దారిన నడిపించుకు వెళ్ళేది. పిల్లలకోడి, అదే పంచాంగంలో కృత్తికలనే చుక్కల గుంపు, పడమటికి వాలిందంటే పనికి వేళైనట్టు. నడుస్తూ ఇద్దరూ కోడి పిల్లల్ని లెక్కపెట్టేవారు. అతనికి ఆరు కనిపించేవి. ఆవిడకి ఎప్పుడూ ఏడు. “ఏడోది ఎక్కడుందప్పా?” అంటే, “కళ్ళు నులుముకుని చూడరా” అనేది. అతను నులుముకునేవాడు, ఆరే కనిపించేవి. అలా నవ్వుకుంటూ పనిలోకి చేరేవారు.

ఇప్పుడు ఆవిడకి ఒక్కటీ కనిపించదు. నీటికాసులు, అదే గ్లాకోమా, అన్నాడు విశాఖపట్నంలో డాక్టరు. చూపుని అంచుల నుంచి తింటూ లోపలికి వస్తుందట. కాగితం మీద ఆవిడ చూపు బొమ్మ తీసి చూపించాడు. చుట్టూ నల్లగా, నడిమధ్యన రూపాయి బిళ్ళంత తెలుపు. రెండు కళ్ళదీ అదే పటం. “పోయింది తిరిగి రాదండీ. ఉన్నది నిలబెట్టడానికే ఆపరేషను. నూటికి ఒకరిద్దరికి ఉన్నది కూడా పోవచ్చు, ముందే చెప్పడం మా ధర్మం” అన్నాడు. కుడి కంటికి ఈ గురువారం, ఎడమ కంటికి వచ్చే నెల. మంగళవారం రాత్రి పలాసలో రైలెక్కాలి. రెండు కట్లూ విప్పి, దుమ్మూ ధూళీ తగలకుండా దాటవలసిన రోజులు దాటేసరికి వైశాఖం వచ్చేస్తుంది. అప్పటికి పిల్లలకోడి సూర్యుడి వెనక్కి పోతుంది. మళ్ళీ కనపడేది ఆషాఢంలో, తెల్లవారుజామున. అప్పటికి ఆ రూపాయి బిళ్ళలో ఎంత మిగులుతుందో డాక్టరు కూడా చెప్పలేదు.

ఆవిడ అడిగింది ఒక్కటే. “ఆపరేషనుకి ముందర పిల్లలకోడిని ఒక్కసారి చూడాలిరా తమ్ముడూ. ఏటో, అదొక్కటీ చూస్తే భయం లేకుండా వెళ్తాను.” రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని, “తెప్పించావా రా?” అనేది. “ఇంకా సరిచేస్తన్నానప్పా” అనేవాడు. పది రోజులుగా డబ్బా ఇంట్లోనే ఉంది. ఒక్కసారి కూడా దాన్ని ఆవిడ చేతికివ్వలేదు. ఆవిడకి అంచులే కదా పోతున్నాయి, కనీసం తను చూపించేదాంట్లో అంచు శుభ్రంగా ఉండాలని అతని పట్టుదల. మేస్త్రీ బుద్ధీ తమ్ముడి ప్రేమా ఒకే చోట చేరితే మనిషి ఎంత మొండికేస్తాడో అతన్ని చూస్తే తెలిసేది.

ఇదంతా ఆ శనివారం మాస్టారు అడక్కుండానే చెప్పేశాడు. కోడి, ఆరు, ఏడు, డాక్టరు, తోకలు, రైలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మాస్టారు బూజుకర్ర తీసుకుని గుడ్డ నొక్కి చూశారు.

“రేపు పొద్దు గూకేవేళకి మీ అప్పని ఇక్కడికి తీసుకురా. ఆ డబ్బా కూడా పట్రా. టేపు నువ్వు విప్పకు.”

“అది బాగోలేదండీ మాస్టారూ. అంచుల్లో…”

“మెట్ల మీద చెయ్యి వదలకు” అన్నారు ఆయన, అది వినిపించుకోనట్టు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం మూడు గంటలకి సముద్రం వైపునుంచి మబ్బు ఒకటి లేచింది. ఢిల్లేశ్వరరావు అన్నం ముందు కూర్చుని కిటికీలోకి చూస్తూ ఉండిపోయాడు. నాలుగింటికి మబ్బు పెరిగింది, ఐదింటికి విడిపోయింది, ఐదున్నరకి ఇంకోటి వచ్చింది. ఆ రెండున్నర గంటల్లో అతను వీధిలోకి ఎన్నిసార్లు వచ్చి వెళ్ళాడో ఎదురింటివాళ్ళకే తెలియాలి. “ఏటిరా అలా కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతన్నావు?” అని దమయంతి నవ్వింది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, తల దువ్వుకుని, గంట ముందే తయారై కూర్చుంది. పెళ్ళికి వెళ్ళేదానిలా ఉన్న ఆ మొహం చూడలేక అతను మళ్ళీ వీధిలోకి వచ్చాడు.

మాస్టారి ఇంటి మెట్లు పద్దెనిమిది. దమయంతి ఒక్కొక్క మెట్టునీ పాదంతో తడిమి, ఉందని రూఢి చేసుకుని ఎక్కింది. పైన గుమ్మంలో ఎడమ భుజం తలుపు రెక్కకి కొట్టుకుంది. ఆవిడకి ఆ రెక్క లేనట్టే లెక్క. “తగిలిందా అప్పా?” అని అతను కంగారుపడితే, “దానికేటి, రోజూ ఏదో ఒకటి తగులుతుంది” అంది. మాస్టారు ఆవిడని పడక కుర్చీలో పడమటి వైపు కూర్చోబెట్టారు. ఆ పూట వేరే ఎవరూ లేరు. ఫోన్లు లోపల పెట్టించి, వీధి దీపం కనపడకుండా దండెం మీద దుప్పటి ఆరేశారు. తరవాత అరగంట ముగ్గురూ చీకట్లో ఊరికే కూర్చున్నారు. కళ్ళు చీకటికి అలవాటు పడాలి. మబ్బులు దక్షిణానికి తప్పుకున్నాయి. ఒక్కొక్కటే చుక్కలు పొడిచాయి. పడమట, నడినెత్తికీ చెట్ల తలలకీ మధ్యన, పిల్లలకోడి చిన్న మసకలా కనిపించింది ఢిల్లేశ్వరరావుకి. అతను అప్ప వైపు చూశాడు. ఆవిడ కూడా అటే చూస్తోంది, అయితే ఆవిడ చూపులో దొరికినట్టు లేదు.

మాస్టారు డబ్బా ఒళ్ళో పెట్టుకుని తాళంచెవితో టేపు కోశారు. ఆ చప్పుడుకి ఢిల్లేశ్వరరావు ముందుకి వంగాడు.

“మాస్టారూ, దీంతో వద్దండీ. మంగళవారం మంచిది వస్తది. రైలు పదింటికి. పొద్దు గూకాక చూపించి స్టేషనుకి తీసుకెళ్ళిపోతాను. మొదటిసారి చూసేది సరిగ్గా లేకపోతే…”

మాట మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అతనికి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ తను డబ్బా దాచింది తోకల మూలంగా కాదు. అప్ప చూసి, ఏమీ కనిపించడం లేదురా అంటే? అప్పుడు ఆ తప్పు ఎవరి మీద వెయ్యాలి? బైనాక్యులర్‌లో తప్పు ఉన్నంతకాలం అప్ప కళ్ళలో తప్పు లేదు. ఒకదాని తరవాత ఒకటి వెనక్కి పంపుతున్నంతకాలం ఆ మాట వినవలసిన రోజు కూడా వెనక్కి పోతూ ఉంటుంది. తప్పులేనిది వచ్చిందంటే ఇక అడ్డుగా ఏమీ మిగలదు. ఇంత భయం తనలో ఉన్నట్టు అతనికి ఆ క్షణందాకా తెలియదు.

మాస్టారు బూజుకర్రని దమయంతి మోకాళ్ళ మధ్య నిలబెట్టి, గుడ్డ చుట్టిన తల మీద బైనాక్యులర్ ఆనించారు. ఇప్పుడు బరువు కర్ర మోస్తుంది, చెయ్యి వణికే పని లేదు. తను వంగి, గొట్టం పక్కనుంచి గురి చూసి, కోడి వైపు తిప్పి నిలిపారు. “కళ్ళజోడు తీసెయ్యమ్మా. కళ్ళు దీనికి ఆనించు. వెతక్కు. అది ఉన్నచోటే ఉంటుంది.”

దమయంతి కళ్ళు ఆనించింది. ఎక్కడో పంపుసెట్టు కొట్టుకుంటున్న చప్పుడు. ఆవిడ కదల్లేదు.

“ఏటీ లేదు బాబూ” అంది కాసేపటికి, మెల్లగా. “అంతా మసక. బూడిద చల్లినట్టుంది.”

“చెప్పాను కదండీ! ఇది బాగోలేదని నేను ముందే చెప్పాను” అంటూ ఢిల్లేశ్వరరావు దాన్ని లాక్కోడానికి చెయ్యి చాచాడు. మాస్టారు ఆ మణికట్టు పట్టుకున్నారు. ఆ వయసులో అంత పట్టు ఉంటుందని అతను అనుకోలేదు.

“పది రోజులుగా దీన్ని ఎవరి కళ్ళకి సరిచేశావు?” అని అడిగారు. జవాబు కోసం ఆగలేదు. దమయంతి వేలిని పట్టుకుని మధ్యలో ఉన్న ఫోకస్ చక్రం మీద పెట్టారు. “నువ్వే తిప్పుకో అమ్మా. తొందర లేదు. నీకు ఎక్కడ బాగుంటే అక్కడ ఆపు.”

గీతలు అరిగిపోయిన నల్లటి వేలు చక్రాన్ని తిప్పింది. ముందు అటు, తరవాత ఇటు, మళ్ళీ అటు రవ్వంత. ఆగింది. ఢిల్లేశ్వరరావు ఆవిడ పెదాలనే చూస్తున్నాడు. అవి కొద్దిగా విడివడ్డాయి. అతనికి అడగాలంటే భయం వేసింది, అడక్కుండా ఉండాలంటే మనసు ఒప్పలేదు. చివరికి ఆవిడ నోరు విప్పింది.

“ఒకటి.”

ఆగి, “రెండు, మూడు, నాలుగు” అంది. అయిదు దగ్గర కర్రని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆరు అన్నప్పుడు గొంతు మారింది. ఏడు అన్నాక నవ్వింది. ఆ నవ్వు ఢిల్లేశ్వరరావు ఎన్నాళ్ళ కిందట విన్నాడో! తోటల మధ్య దారి, అరచేతిలో అరచెయ్యి, కాళ్ళకింద చల్లటి ఇసక, అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. ఆవిడ ఆగలేదు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు.

“పదకొండురా తమ్ముడూ! మనం ఏడుకే దెబ్బలాడుకున్నాం. చూడు, ఎన్ని పిల్లల్ని దాచిందో ఇది! ఒక్కొక్కటీ ఉప్పుకల్లు లాగ మెరుస్తంది.”

అతనికి ఏడుపు, సంతోషం, ఆపరేషను, రైలు, అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి. ఏదో ఒకటి మాట్లాడాలి. మనిషి కంగారులో ఉంటే నోటికి అలవాటైన మాటే వస్తుంది.

“అంచుల్లో ఎలాగున్నాయప్పా? తోకలు కనిపిస్తన్నాయా?”

దమయంతి కళ్ళు తియ్యకుండానే అడిగింది. “అంచేటిరా? ఏ అంచు?”

“అదే… చుట్టూ, గుండ్రంగా, చివర్న…”

“చివర ఎక్కడుంది? నాకు నిండా కోడే ఉంది.”

అతని చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. చుట్టూ నలుపూ నడుమ తెలుపూ ఉన్న ఆ కాగితం ఢిల్లేశ్వరరావు చొక్కా జేబులోనే ఉంది, ఆసుపత్రిలో చూపించాలని మడిచి పెట్టుకున్నాడు. రోజుకి పదిసార్లు దాన్ని విప్పి చూసుకునేవాడు. చూసిన ప్రతిసారీ నలుపునే చూశాడు. ఎంత పోయిందో కొలవడమే తప్ప, ఆ తెల్ల బిళ్ళ దేనికి సరిపోతుందని ఒక్కసారీ అనుకోలేదు.

“నువ్వు కూడా చూడరా” అని దమయంతి వెనక్కి వాలి చోటిచ్చింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు ఆనించాడు. తన కళ్ళకి సరిపోయేలా చక్రం తిప్పాడు. కోడి నడిమధ్యన నిలిచి ఉంది. అలవాటు చొప్పున చెయ్యి దాన్ని పక్కకి తొయ్యబోయింది. కొంచెం కదిలింది కూడా. అక్కడ ఆగి, మళ్ళీ మధ్యకి తెచ్చాడు. ఈ పది సాయంత్రాల్లో ఈ అద్దాలలోంచి ఎన్ని చుక్కల్ని ఎన్నిసార్లు అంచుకి గెంటాడో లెక్కలేదు. పిల్లలకోడిని మాత్రం ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. ఇప్పుడు మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు దాకా వచ్చాయి. తరవాత కంట్లో నీళ్ళు నిండి అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. తుడుచుకుని మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అంతే అయింది.

“ఎన్ని?” అన్నారు మాస్టారు.

“లెక్క కుదరడంలేదండీ.”

“ఆవిడకి కుదిరింది కదా. లే, కుర్చీ దగ్గర్నుంచి జరుగు.”

అతను లేచాడు. దమయంతి ఆత్రంగా ముందుకి వంగి, ఈసారి ఎవరూ చెప్పకుండానే వేలు చక్రం మీద పెట్టి, తన చూపుకి తను సరిచేసుకుంది. మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టింది. కిందికి చూస్తే ఖాళీ డబ్బా, కోసిన టేపూ పడి ఉన్నాయి. ఢిల్లేశ్వరరావు వాటిని చూశాడు, అప్పని చూశాడు, పడమటికి చూశాడు. కోడి ఇందాకటికంటే ఒక జానెడు కిందికి దిగినట్టు అనిపించింది.

“మాస్టారూ, రేపు మబ్బు పడితే? మంగళవారం కూడా పడితే? పోనీ గురువారం ఆ డాక్టరు చెప్పినట్టే గనక…”

మాస్టారు ఖాళీ డబ్బాని కాలితో పక్కకి నెట్టి, చాప మీద చతికిలబడ్డారు.

“రైలెక్కేలోపు ఇంకా రెండు సాయంత్రాలున్నాయి బాబూ. వాటిని కూడా బల్లమీద పోసి గ్రేడింగు చెయ్యకు.”